రెండు కంప్లైంట్లు, ఒకే చిల్లు: టర్బో కారులో తప్పు వెతకడం ఎలా?

ఒక టర్బో పెట్రోల్ కారు ఉందనుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్ల పొగ, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. మైలేజీ పడిపోయింది. పికప్ కూడా లేదు. స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి. పీ0172 అంటే మిక్చర్ మరీ రిచ్‌గా ఉందని, పీ0299 అంటే టర్బో బూస్ట్ తక్కువగా ఉందని.

చాలామంది ఇక్కడ రెండు రిపేర్లు మొదలుపెడతారు. రిచ్ అంటే ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్ మార్చు. బూస్ట్ లేదంటే టర్బో మార్చు. ఆ బిల్లు చూస్తే ఇంట్లోవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. కానీ ఒకేసారి రెండు బగ్ రిపోర్టులు వస్తే మన క్లాసులో ఎవరైనా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: రెండింటి వెనకా ఉన్న కారణం ఒకటేనా? కారుని కూడా అదే అడుగుదాం.

ముందు బేసిక్స్

పెట్రోల్ పూర్తిగా మండాలంటే 1 గ్రాముకి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే రిచ్, పెరిగితే లీన్. ఫుల్ బూస్ట్‌లో చాలా ఇంజన్లని కావాలనే కొంచెం రిచ్‌గా, 12.5 దగ్గర్లో, నడుపుతారు. ఆ ఎక్స్‌ట్రా పెట్రోల్ లోపలి వేడిని తగ్గించి నాకింగ్ రాకుండా చూస్తుంది. అంటే టర్బో కారు కొంచెం రిచ్‌గా నడవడం తప్పు కాదు, అతి అయితేనే తప్పు.

గాలి వెళ్ళే దారి ఇది: ఎయిర్ ఫిల్టర్, ఎయిర్ ఫ్లో సెన్సర్, టర్బో, ఇంటర్‌కూలర్, థ్రాటిల్, ఇంజన్. గమనించండి, కొలత టర్బోకి ముందే జరిగిపోతోంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ పాత 1.8 టర్బో ఇంజన్, అంటే ఆడి ఏ4, స్కోడా ఆక్టేవియాల్లో వచ్చినది, ఇలాంటిదే.

చిల్లు కుండ లెక్క

సెన్సర్ దగ్గర 100 గ్రాముల గాలి వెళ్ళింది. ఈసీయూ 12.5 లెక్కన 8 గ్రాముల పెట్రోల్ కొట్టింది. కానీ ఇంటర్‌కూలర్ పైపు పగిలి, దారిలో 15 గ్రాములు బయటికి పోయాయి. ఇంజన్‌కి చేరింది 85 గ్రాములే. 85ని 8తో భాగిస్తే 10.6. అదే నల్ల పొగ. పోయిన ఆ గాలే తగ్గిన బూస్ట్ కూడా. చిల్లు ఒకటే, కోడ్‌లు రెండు. ఈసీయూ లెక్క తప్పలేదు, దానికి అందిన ఇన్‌పుట్‌కీ లోపలికి చేరిన గాలికీ పొంతన లేదంతే.

అన్ని కార్లూ ఇలా ఉండవు. కొన్నింటిలో ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉండదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ప్రెషర్‌ని మ్యాప్ సెన్సర్ కొలిస్తే, దాన్నిబట్టి ఈసీయూ గాలి ఎంతో లెక్కేస్తుంది. అక్కడ పైపు లీకైతే బూస్ట్ తగ్గుతుంది గానీ, చేరిన గాలినే కొలుస్తోంది కాబట్టి మిక్చర్ పెద్దగా పాడవదు. కానీ ఆ సెన్సరే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తే? ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, బూస్ట్ చాలనుకుని టర్బోని తగ్గిస్తుంది. మళ్ళీ ఒక తప్పుకి రెండు లక్షణాలు. అందుకే మీ కారులో ఏ సెన్సర్ ఉందో తెలుసుకోవడమే మొదటి పని.

ఏ ఆర్డర్‌లో చెక్ చేయాలి?

1. కీ ఆన్, ఇంజన్ ఆఫ్. మ్యాప్ సెన్సర్ బయటి గాలి ప్రెషర్‌నే చూపించాలి. విశాఖలో 101 కిలోపాస్కల్ దగ్గర్లో, హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి 95 దగ్గర్లో. హైదరాబాద్‌లో 110 చూపిస్తే సెన్సర్‌ని అనుమానించండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

2. ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. మైనస్ అంటే ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తోందని. ఐడిల్‌లో సున్నా దగ్గరుండి, లోడ్ పడ్డాక మైనస్‌లోకి జారితే బూస్ట్ పైపుల్లో లీక్ ఉండొచ్చు. ఐడిల్‌లోనే బాగా మైనస్ ఉంటే ఇంజెక్టర్ కారడం, ఫ్యూయల్ ప్రెషర్ ఎక్కువవడం, పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం లాంటివి చూడాలి. ఫుల్ థ్రాటిల్‌లో చాలా కార్లు ట్రిమ్‌ని పక్కన పెట్టేస్తాయి. కాబట్టి మీడియం లోడ్‌లో చూడండి. పక్కన కూర్చున్నవాళ్ళే స్కానర్ చూడాలి, డ్రైవర్ రోడ్డే చూడాలి.

3. పొగ నల్లగా ఉండి ట్రిమ్ ప్లస్‌లో ఉంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చూడండి. అక్కడ పగులుంటే బయటి గాలి లోపలికి దూరి ఆక్సిజన్ సెన్సర్‌ని లీన్ అని నమ్మిస్తుంది. టర్బైన్‌ని తిప్పాల్సిన గ్యాస్ కూడా అక్కడే పోతుంది.

4. ప్రెషర్ టెస్ట్. ఇంజన్ ఆఫ్ చేసి చల్లారనివ్వండి. టర్బో ఇన్‌లెట్‌కి మూత బిగించి, రెగ్యులేటర్ ద్వారా మెల్లగా గాలి ఎక్కించాలి, ఆ కారు మామూలు బూస్ట్ దాటకూడదు. తర్వాత జాయింట్ల మీద సబ్బు నీళ్ళు. పంక్చర్ షాపులో ట్యూబ్ నీళ్ళలో ముంచినప్పుడు బుడగలు వస్తాయి కదా, అదే టెక్నిక్. ఆయిల్ ఆవిరికి మెత్తబడిన రబ్బర్ పైపులు, వదులైన క్లాంపులు ఇక్కడే దొరుకుతాయి.

5. వేస్ట్‌గేట్. ఇది పూర్తిగా మూసుకోకపోతే ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ని తప్పించుకుని పోతుంది. యాక్చువేటర్ రాడ్, దానికి వెళ్ళే సన్న పైపులు చూడండి.

6. క్యాటలిటిక్ కన్వర్టర్. ఇక్కడ కథ రివర్స్. చాలాకాలం రిచ్‌గా నడిస్తే కన్వర్టర్ వేడెక్కి, లోపల కరిగి మూసుకుపోవచ్చు. దారి మూసుకుంటే టర్బైన్ తిరగదు. అంటే రిచ్ వల్లే బూస్ట్ తగ్గింది. కన్వర్టర్ ఒక్కటే మార్చి వదిలేస్తే కొత్తది కూడా పోతుంది.

మరి టర్బో?

దాన్ని చివరికి ఎందుకు పెట్టానంటే, అరిగిన టర్బో గాలి తక్కువ నెడుతుంది, సెన్సర్ కూడా ఆ తక్కువ గాలినే కొలుస్తుంది, పెట్రోల్ కూడా అంతే తగ్గుతుంది. బూస్ట్ పోతుంది, మిక్చర్ మామూలుగానే ఉంటుంది. కాబట్టి నల్ల పొగ కూడా ఉందంటే, టర్బో ఒక్కదాన్నే తప్పుపట్టడానికి లేదు. ఎవరైనా నేరుగా "టర్బో పోయింది" అంటే "మరి రిచ్ ఎందుకైంది?" అని అడగండి. షాఫ్ట్ ఊగడం, బ్లేడ్లు హౌసింగ్‌కి రాసుకోవడం చూపిస్తే అప్పుడు ఒప్పుకోవచ్చు.

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక కోడ్‌లు క్లియర్ చేసి, అదే రోడ్డులో, అదే గేర్‌లో మళ్ళీ రీడింగ్ తీసుకోండి. చివరగా డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. రిచ్‌గా నడిచిన ఇంజన్‌లో పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేసి కిందికి దిగుతుంది. పెట్రోల్ వాసన కొడితే, లీక్ బాగైనా సరే, ఇంజన్ ఆయిల్ మార్చాకే కారు బయటికి తీయండి.