మీరు తేల్చకపోతే మేస్త్రీ తేలుస్తాడు

“అన్నా, కమోడు ఎటు పక్క పెట్టమంటావ్?” అని మేస్త్రీ ఫోన్ చేస్తాడు. మీరు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి టెండర్ రేటు కోసం నిలబడి ఉంటారు. “నీకు తెలీనిదేముందప్పా, చూసి పెట్టెయ్” అంటారు. చూసి పెట్టేస్తాడు. ఇక ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మోకాళ్లు గోడకు ఆనించుకుని కూర్చోవాల్సిందే.

తప్పు మేస్త్రీది కాదు. పాత పైపు ఎక్కడుంటే అక్కడ పెట్టడం అతనికి సులువు. ఆ రోజు పని ఆ రోజు తెగాలి. మీరు వాయిదా వేసిన నిర్ణయం మీ కోసం కాచుకుని కూర్చోదు. ఆ వేళకు అక్కడ ఎవరుంటే వాళ్లు తమకు వీలైనట్టు తీసేసుకుంటారు. ఉద్యోగంలోనో పిల్లల చదువులోనో అయితే దిద్దుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. బాత్‌రూంలో మాత్రం దాని మీద సిమెంటు పడిపోతుంది. నిర్ణయాలు తీసుకోవడం అలవాటు కావాలంటే ఐదడుగుల వెడల్పున్న ఆ గది దగ్గరే మొదలుపెట్టండి.

ఎమ్మిగనూరు నేతగాడు పడుగు మొత్తం సరిచూసుకోనిదే మగ్గంలో కూర్చోడు. మొదటి సుత్తి దెబ్బ పడకముందు మీకూ అంత ఓపిక కావాలి. ఒక కాగితం తీసుకోండి. గది కొలతలు వేసి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కొళాయి ఎంత ఎత్తులో ఉంటుంది, నీళ్లు ఏ మూలకు పోతాయి అన్నవి గీసి గోడకు అంటించండి. నోటిమాట మధ్యాహ్నానికి మారిపోతుంది.

ఆ కాగితం మీద గీసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. అడిగితే అమ్మ “నాకేంది నాయినా, ఎట్లోకట్ల జరుగుతాది” అంటుంది. అది జవాబు కాదు. ఆమె లేచేటప్పుడు చెయ్యి ఏ గోడకు ఆనిస్తోందో గమనించండి. స్టీలు హ్యాండిల్ అక్కడే రావాలి. టవల్ రాడ్డును నమ్ముకోవద్దు, మనిషి బరువుకు అది ఊడి చేతికొస్తుంది. హ్యాండిల్ బోల్టులు టైలు దాటి గట్టి గోడలోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కమోడు సీటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తుంటే లేవడం తేలిక. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా జారిపడితే, లోపలికి తెరిచే తలుపుకు పడిన మనిషే అడ్డమవుతారు. ఇంటికి ఎంత ఖర్చుపెట్టామో చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ తలుపు సంగతి ఆలోచించినవాళ్లు తక్కువ.

ఇక నీళ్లు. మన ప్రాంతానికి తుంగభద్ర దిగువ కాలువే ఆధారం. కాలువ పారినన్నాళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకుని ఎండాకాలం గట్టెక్కాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ బతుకు ఎంత సన్నటి దారం మీద ఉందో అందరికీ తెలిసొచ్చింది. అట్లాంటి ఊళ్లో బెంగళూరు బంధువుల ఇంట్లో చూసిన పెద్ద వానజల్లు షవర్ కావాలని పట్టుబడితే ఎట్లా? పైగా ఒంటి మిద్దె మీద ట్యాంకు నుంచి దానికి ఒత్తిడే చాలదు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే నీటికి ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మీ ట్యాంకు షవర్‌కు రెండు మీటర్ల పైన ఉంటే అందులో ఐదో వంతే. ఒక బకెట్, ఒక చేతిషవర్ చాలు. రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకు పెట్టండి, చిన్న బటన్‌కు మూడు లీటర్లతో పని అయిపోతుంది. బోరు నీళ్లు ఫ్లష్‌కు, కాలువ నీళ్లు స్నానానికి వేరుగా రావాలంటే రెండు లైన్లు కావాలి. ఆ మాట గోడ తొలవకముందే చెప్పాలి.

బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి యాసిడ్ సీసా ఎత్తుతాం. కిందున్నవి బేతంచెర్ల బండలైతే అవి సున్నపురాయి జాతి, యాసిడ్ వాటిని తినేస్తుంది. టైల్స్ సందుల్లోని సిమెంటునూ, కొళాయి మెరుపునూ వదలదు. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే విషవాయువే. స్నానం కాగానే వైపర్‌తో నేల మీది నీళ్లు లాగేస్తే ఉప్పు అంటుకోదు, ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. నేలకు గరుకు టైల్సే తీసుకోండి. అంగడిలో ఆయన అద్దంలా మెరిసేది చూపిస్తాడు, నేలకు అది వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. లెక్కకు మించి పదో వంతు ఎక్కువ కొనండి, అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి. మిగిలినవి అటక మీద ఉంచితే ఎప్పుడో ఒకటి పగిలినప్పుడు ఊరంతా తిరగక్కర్లేదు.

కంటికి కనపడని పనికే ముందు డబ్బు తీయండి. ఐదడుగుల నేలకు ముప్పావు అంగుళం వాలు ఉంటేనే నీళ్లు తూము వైపు పోతాయి. నీళ్లు ఆపే పూత నేలతో ఆగకూడదు, గోడల మీదికి అడుగైనా ఎక్కాలి, స్నానం చేసే వైపు ఇంకా పైకి. ఎమ్మిగనూరులో బాత్‌రూం గోడకు అవతల మగ్గం గుంత ఉన్న ఇళ్లలో ఈ పూత దగ్గర పిసినారితనం చేస్తే చెమ్మ నేరుగా జీవనాధారం మీదికే పోతుంది. తూము కింద నహానీ ట్రాప్‌లో రెండంగుళాల నీళ్లు నిలవాలి, మురుగు వాసనను ఆపేది ఆ నీళ్లే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు పేటెంట్ తీసుకున్న వంపు గొట్టం కిటుకు కూడా ఇదే. మన ఎండలకు ఆ నీళ్లు ఇగిరిపోతాయి. సెలవులకు ఊరెళ్లొచ్చాక వాసన కొడితే ప్లంబర్‌ను పిలవకముందు తూములో చెంబెడు నీళ్లు పోసి చూడండి. పైపులు మూసే ముందు ఫోన్‌తో గోడల ఫొటోలు తీసిపెట్టుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.

వాస్తు చూసేవాళ్లను అడగదలుచుకుంటే ఇప్పుడే అడగండి. గోడ లేచాక అడిగితే వాళ్లకూ డబ్బివ్వాలి, కూల్చేవాళ్లకూ ఇవ్వాలి. బావమరిది సలహాకూ ఇదే సూత్రం.

పెళ్లి ముహూర్తం పెట్టుకుని పని మొదలుపెట్టొద్దు. తొందరలో ముందు ఎగిరిపోయేది క్యూరింగే. పత్తి డబ్బు చేతికొచ్చి, కాలువలో నీళ్లున్న చలికాలం మంచిది. సంక్రాంతి దాటితే కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి జనం సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతారు, కూలీలు దొరకడం కష్టమవుతుంది. పని జరిగే పది పదిహేను రోజులు ఇంటిల్లిపాది స్నానం ఎక్కడ అన్నదీ కాగితం మీదే రాయండి.

కరెంటు దగ్గర బేరం వద్దు. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి ఎర్తింగ్‌తో సొంత లైను, 16 ఆంపియర్ల ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి. గ్యాస్ గీజర్ బాత్‌రూం లోపల పెట్టనేకూడదు, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

పూత ఆరాక టైల్స్ వేయకముందు ఒకసారి, పనంతా అయ్యాక ఇంకోసారి తూము నోరు మూసి రెండంగుళాల నీళ్లు నిలపండి. 24 గంటలయ్యాక అవతలి గోడ, కింది గది కప్పు తడిమి చూడండి. రెండోసారీ చెమ్మ తగలకపోతే మేస్త్రీ బాకీ అదే రోజు సాయంత్రానికి చేతిలో పెట్టేయండి.