చేతిదీపము – వీథికుక్క

విద్యార్థులారా! సాయంకాలపు తరగతులు ముగిసి, పుస్తకముల సంచిని భుజమున వేసికొని మీరు ఇంటికి బోవునప్పుడు, వీథిమలుపున నొక కుక్క పండ్లు బయటపెట్టి గుఱ్ఱుమనుచు ఎదురైన యెడల నేమి చేయుదురు? ఈ ప్రశ్నను మేము మా తరగతిలో నడిగితిమి. కొందఱు "పరుగెత్తుదుము" అనిరి. కొందఱు "రాయి విసరుదుము" అనిరి. ఒక బాలుడు మాత్రము లేచి, "టార్చిలైటు దాని కన్నులలో కొట్టిన చాలునండీ, తోక ముడుచుకొని పాఱిపోవును" అని ధైర్యముగా జెప్పెను. తరగతియంతయు అతని యుత్తరమును మెచ్చుకొనెను. మేమును దానిని తప్పని త్రోసివేయలేదు. కాని ఆ యుత్తరములో సగమే సత్యమున్నదని కొలది దినములలోనే అందఱికిని తెలిసినది. మిగిలిన సగమును జెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట కుక్క కన్ను ఎట్టిదో విచారింతము. కంటి లోపలి వెనుకభాగమున వెలుతురును గ్రహించు పలుచని తెర యొకటి కలదు. దానిలో రెండు విధములైన కణములుండును. దండమువలె నుండునవి మసకచీకటిలో చూచుటకును, శంకువువలె నుండునవి పగటివెలుతురులో రంగులను గుర్తించుటకును ఉపయోగపడును. మనుష్యునికి శంకుకణములు మూడు తెగలవి. కుక్కకు రెండు తెగలవి మాత్రమే. నీట్జ్, గైస్ట్, జేకబ్స్ అను శాస్త్రజ్ఞులు 1989లో కుక్కల రంగుచూపును పరీక్షించి దీనిని స్థిరపఱచిరి. కావున కుక్క నీలమును పసుపును వేఱుచేయగలదు గాని, ఎఱుపును ఆకుపచ్చను మనవలె వేఱుచేయజాలదు. రంగులలో కలిగిన యీ లోటు చీకటిచూపులో తీరినది. దాని కంటితెరలో దండకణములు మిక్కుటము. అంతియేగాక ఆ తెర వెనుక అద్దమువంటి మెఱుగుపొర యొకటి కలదు. తెరగుండ సాగిపోయిన వెలుతురును ఆ పొర తిరుగగొట్టి, తెరకు రెండవమాఱు అందించును. రాత్రివేళ దీపము పడగానే కుక్క కన్నులు పచ్చని నిప్పుకణికలవలె మెఱయుట ఇందువలననే. మనుష్యుని కంట నిట్టి పొర లేదు.

ఇట్టి కంటిపై తటాలున గొప్ప వెలుతురు పడినచో ఏమగును? దీనిని మీ కన్నులతోనే పరీక్షింపవచ్చును. రాత్రి గదిలో దీపములన్నియు నార్పి ఇరువది నిమిషములు కూర్చుండుడు. మంచము, బల్ల, కిటికీ చువ్వలు క్రమముగా కనబడసాగును. అప్పుడు ఒక కన్నును అరచేత బాగుగా మూసికొని, దీపము వెలిగించి, తెఱచిన కంటితో పుస్తకమున నొక పుట చదివి, మరల దీపము నార్పుడు. పిమ్మట ఒక్కొక్క కంటితో గదిని జూడుడు. మూసియుంచిన కంటికి వస్తువులు మునుపటివలెనే కనబడును. పుట చదివిన కంటికి అంతయు కాటుకవలె నుండును. దండకణములలో వెలుతురును పట్టెడు పదార్థము దీపకాంతికి మార్పుచెందుటయే యిందుకు కారణము. అది మరల యథాస్థితికి వచ్చుటకు కొంతకాలము పట్టును. కుక్కకును ఇట్లే జరుగును. కనుపాప ముడుచుకొనును, అది తల త్రిప్పుకొనును, ఎదుటనున్న దేమో తెలియక తటపటాయించి నిలుచును.

ఆ తటపటాయింపే దీపమువలన మనకు కలుగు లాభము. అది కొన్ని క్షణముల వ్యవధి మాత్రమే గాని విజయము గాదు. ఏలయన కుక్క మనవలె కన్నులనే నమ్ముకొని బ్రదుకు జంతువు గాదు. చూపు చెదరినను దాని ముక్కు చెదరదు, చెవులు మూతపడవు. మన మెక్కడ నున్నామో అది వాసనవలనను, అడుగుల చప్పుడువలనను తెలిసికొనుచునే యుండును. మఱియు పగటివేళ నీ యుపాయము పనికిరాదు. దినదినము మోటారుబండ్ల దీపములను జూచు వీథికుక్క టార్చిలైటును లెక్కపెట్టకపోవచ్చును. పిల్లలను గాచుకొను తల్లికుక్క భయపడినను వెనుదీయదు. పిచ్చిపట్టిన కుక్కకు వెఱపే యుండకపోవచ్చును.

ఇక మా తరగతి బాలుని సంగతి జెప్పెదము. ఈ సంగతిని వ్రాయుటకు అతడే మాకు సమ్మతి యిచ్చెను. పేరు మాత్రము వ్రాయవలదని కోరెను. అతని వీథిలో నొక తల్లికుక్క, పాతబండి క్రింద పిల్లలను బెట్టుకొని పడుకొనియుండెడిది. ఇతడు స్నేహితులకు తన ధైర్యమును జూపుటకై మూడురాత్రులు వరుసగా దాని మొగముపై దీపము కొట్టెను. మూడుమాఱులును అది కన్నులు మూసికొని వెనుకకు జరిగెను. నాలుగవరాత్రి అది జరుగలేదు, ఎదురు వచ్చెను. బాలుడు వెనుదిరిగి పరుగెత్తగా తఱిమి పిక్కను కఱచెను. తప్పు తనదని యెఱిగిన బాలుడు తిట్లకు వెఱచి ఇంట నెవ్వరికిని జెప్పలేదు. స్నేహితుని మాట విని గాయమునకు సున్నమును కారమును పూసికొనెను. మూడవదినమున అతడు కుంటుచుండగా జూచి తల్లి నిలదీసి యడిగి, వెంటనే ఆసుపత్రికి గొనిపోయెను. వైద్యుడు గాయమును కడిగించి, టీకాతోబాటు గాయముచుట్టును ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందు నెక్కించెను. తక్కిన టీకాలును వరుసగా వేయించుకొని బాలు డిప్పుడు క్షేమముగా నున్నాడు. కుక్క కఱచుటకంటె, అతడు దానిని దాచిన ఆ రెండుదినములే మమ్ము ఎక్కువ భయపెట్టినవి.

ఎందుకనగా కుక్కకాటువలన వచ్చు రేబిస్ రోగపు వైరసు, చొంగనుండి గాయములోనికి జొచ్చి, నరములవెంట మెల్లమెల్లగా మెదడునకు ప్రాకును. సామాన్యముగా నిందుకు కొన్ని వారములో నెలలో పట్టును. రోగలక్షణములు పైకి కనబడిన పిదప బ్రదుకుట మిక్కిలి యరుదు. ఆలోపల చికిత్స జరిగినచో ప్రాణము దక్కును. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాస్చర్ పండితుడు, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించి యీ సత్యమును లోకమునకు జూపెను. మన దేశమున నీ చికిత్సకై కసౌలీలో 1900లోను, దక్షిణాదివారికి కూనూరులో 1907లోను పాస్చర్ సంస్థలు వెలసినవి. వెనుకటివారు పొట్టచుట్టును పదునాలుగు సూదిమందులు పొడిపించుకొనవలసివచ్చెడిది. ఆ పాతటీకా మన దేశమున నిప్పుడు వాడుకలో లేదు. ఈనాటివి నాలుగైదు దఫాలలో ముగియును, చేతికే వేయుదురు. ఇంత సులభమైన రక్షణ యుండియు, ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా ప్రకారము ఏటేట సుమారు 59,000 మంది యీ రోగమున మరణించుచున్నారు. అనుమానపు కుక్కలు కఱచినవారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లలోపు పిల్లలే.

కావున విద్యార్థులు చేతిదీపమును వాడవలసిన విధమును జ్ఞాపకముంచుకొనవలయును. నడచునప్పుడు దీపమును ముందఱి నేలపై వేయుచు పొండు. కుక్కను దూరముననే కనుగొనుటయు, పడుకొన్నదానిని త్రొక్కకుండుటయు దీపముయొక్క మొదటి ప్రయోజనము. మిరుమిట్లు గొలుపుట తరువాతిది. రెండు మెఱుపుకన్నులు కనబడినచో నిలువుడు. వీలైన వేఱొక త్రోవను బొండు. అది మొఱిగి మీదికి వచ్చుచున్నప్పుడు మాత్రమే దీపమును దాని మొగముపై వేయుడు. దాని కన్నులలోనికి తేఱిపాఱ చూడక, స్థిరమైన గొంతుతో "పో!" యని గద్దించి, వీపు చూపక, ప్రక్కగా తిరిగి ఒక్కొక్క యడుగు వెనుకకు వేయుడు. సంచినిగాని గొడుగునుగాని దానికిని మీకును నడుమ నుంచుకొనుడు. ఎన్నడును పరుగెత్తకుడు, పరుగెత్తువానిని తఱుముట కుక్కకు పుట్టుగుణము. క్రిందపడినచో ముడుచుకొని, చేతులతో మెడను చెవులను కప్పుకొని కదలక పడియుండుడు. తినుచున్న కుక్కను, కట్టివేసిన కుక్కను, పిల్లలుగల కుక్కను దీపముతో నెన్నడును రేపకుడు. లేసరుకిరణమును ఏ ప్రాణి కంటను వేయరాదు. అది చూపును పోగొట్టవచ్చును.

ఇంత జాగ్రత్తతో నున్నను కుక్క కఱచినచో, లేక గోటితో గీఱినచో, వెంటనే పాఱునీటితో సబ్బు రుద్ది పదునైదు నిమిషములు గాయమును కడుగవలయును. సున్నము, కారము, పసుపు, ఆకుపసరు ఏదియు పూయరాదు. పిదప ఆనాడే ఆసుపత్రికి బోవలయును. ఆలస్యమైనదని మానుకొనుటయు తప్పే. ఎన్నాళ్లకైనను వైద్యునికి జూపవలయును. చెప్పిన టీకాలన్నియు చెప్పిన దినములకే పూర్తిచేయవలయును.

తలిదండ్రులకును మా విన్నప మొకటి కలదు. బిడ్డ వచ్చి "కుక్క కఱచినది" అని చెప్పినప్పుడు మొదటిమాట మందలింపు కారాదు. మొదట నీళ్లును సబ్బును, పిదప వైద్యుడు. తప్పొప్పుల విచారణ తరువాత చేయవచ్చును. బిడ్డ చెప్పుటకు వెఱచిన యింట, ఎంత వెలుతురుగల టార్చిలైటును ప్రయోజనకారి కాదు.

ఆ బాలుని టార్చిలైటు ఇప్పుడును అతని సంచిలోనే యున్నది. నిన్న సాయంకాలము అతడు ఇంటికి బోవుచుండగా మేము చూచితిమి. దీపము నేలపై పడుచుండెను. పాతబండి దగ్గఱకు రాగానే అతడు వీథికి ఆవలిప్రక్కకు తొలగి, నెమ్మదిగా నడచిపోయెను. తల్లికుక్క తల యెత్తి చూచి, మరల పిల్లలప్రక్కన తల వాల్చెను.