పాత నాణేలు అమ్మేవారికి కొన్ని జాగ్రత్తలు

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల విద్యార్థులు తాతల నాటి నాణేలు, స్టాంపులు ఆన్‌లైన్ వేలంలో అమ్మి ఫీజు కట్టుకోదలిస్తే, ఒకప్పటి బ్యాంకు గుమాస్తాగా నా సలహా ఇది. హెచ్చుపాట పాడినవారంతా డబ్బు కట్టరు.

1. సొమ్ము ఖాతాలో జమ అయిందని స్వయంగా చూసుకున్నాకే వస్తువు పంపండి. స్క్రీన్‌షాట్ రసీదు కాదు. చెక్కయితే డబ్బు వసూలయ్యేదాకా ఆగండి.

2. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కనక్కరలేదు. నొక్కితే మీ డబ్బే పోతుంది.

3. ముందుగా పన్ను, కమీషన్ కట్టమంటే మోసమే. తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

4. వందేళ్లు దాటిన నాణేలను విదేశీయులకు పంపరాదు. 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు.

5. మోసపోతే సిగ్గుపడి దాచకండి. పెద్దలకు చెప్పి, వెంటనే 1930కి ఫోన్ చేయండి.