సమాధి దగ్గర పద్యం చదివేవాళ్లకు

మాది తరిగొప్పుల. తెలుగు సారుగా చేసి రిటైరయ్యాను. జనగామ మీదుగా పాలకుర్తి వైపు పోతే బమ్మెర వస్తుంది. పోతన సమాధి అక్కడే ఉంది. బడిపిల్లలను వెంటబెట్టుకుపోయి ఆ సమాధి ముందు పద్యాలు చదివించడం నాకెవరూ అప్పగించిన పని కాదు. ఉద్యోగం అయిపోయినా అది మాత్రం వదల్లేదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఆ పని మేం ఎత్తుకుంటామని వచ్చిన పిల్లలకు చెప్పిన ముచ్చట్లివి.

1. మైకు ఎవరి చేతిలో ఉంటే సభ వాళ్లది.

పెద్దమనుషులను పిలవందే షామియానా రాదు, షామియానా లేందే జనం రారు అని మొదట్లో అనుకున్నాం. పిలిచాం, వచ్చారు. దండ వేశారు, ఫొటో దిగారు. పోతన తన కావ్యాన్ని రాజులకు అంకితం ఇవ్వలేదన్న మాటను ఒకరి వెనక ఒకరు గంటసేపు చెప్పారు. ఒక్కరి నోటా పద్యం రాలేదు. గజేంద్ర మోక్షం పద్యాలు సాధన చేసి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల తన వంతు కోసం ఎండలో నిలబడే ఉంది. ఆమె పేరు పిలిచే వేళకు వందన సమర్పణ మొదలైంది. అన్నం చల్లారుతున్నదని ఎవరో తొందరపెట్టారు. పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంది. "మళ్లొచ్చే ఏడు చదువుదువు తీ బిడ్డా" అన్నాను. మళ్లొచ్చే ఏటికి ఆమె మా బళ్లో లేదు. ఆ రోజు మైకు గుంజుకుని ఆమె చేతికి ఇచ్చి ఉంటే ఎవరేం చేసేవారు? తర్వాత వరస మార్చాం. ముందు పద్యాలు, ఆ వెనక భోజనాలు, ఓపికున్నవాళ్లకు చివర ఉపన్యాసాలు. వక్తలు తగ్గిపోయారు. ఎవరూ బెంగపడలేదు.

2. ఊపిరి తీసుకునే చోటు తెలిశాకే పద్యం అందుకోవాలి.

మత్తేభానికి పాదంలో 20 అక్షరాలు, యతి 14వ అక్షరం మీద. శార్దూలానికి 19, యతి 13వ దాని మీద. పిల్లలకు సులువుగా ఉంటుందని యతి దగ్గర ఎర్రసిరాతో గీతలు గీసి, అక్కడ ఆగమని చెప్పేవాణ్ని. ఎంత పొరపాటు! తెలుగులో యతి అక్షరాల మైత్రి, ఆగమనే గుర్తు కాదు. చాలాసార్లు అది మాట నడుమనే పడుతుంది. నా గీతల పుణ్యమా అని సమాసాలన్నీ రెండు ముక్కలయ్యేవి. ఒకసారి పక్క చేన్లో పత్తి ఏరుతున్న అవ్వ ఒకామె ఈ అవస్థ విని వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, మా పిల్లవాడు విరగ్గొట్టిన ఆ పద్యాన్నే రాగం తీసి పాడింది. యక్షగానం ఆడే తండ్రి దగ్గర విని నేర్చుకున్నదట. అర్థం ముగిసిన చోట ఆగింది, భావం సాగినంత దూరం సాగదీసింది. ఆ సాయంత్రమే ఎర్రగీతల కాగితాలన్నీ పక్కన పెట్టాను. ఇప్పటికీ కొత్తగా పద్యం నేర్పాలంటే ముందు భజన మండలిలో పాడే పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమో అడుగుతాను.

3. తేదీ దొరకనప్పుడు జనం తీరిక చూడాలి.

పోతన 15వ శతాబ్దం వాడు. పుట్టిన రోజు, పోయిన రోజు ఖాయంగా చెప్పే ఆధారం లేదు. వ్యవసాయం చేసి బతికాడని చెప్పుకునే కవికి నాట్ల రోజుల్లో సభ పెడితే వినేదెవరు? వరికోతలు అయిపోయాక పెట్టండి.

4. సమాధి దగ్గర పంచాయితీ పెట్టుకోవద్దు.

పోతన మావాడంటే మావాడని ఒంటిమిట్టతో ఉన్న పాత తగవు తెలిసిందే. బమ్మెర మన పక్షాన ఉన్నదని నాకూ గట్టి నమ్మకమే. కానీ ఒక సభ మొత్తం ఆ రుజువులకే పోయింది. అంత పట్టుదల ఉన్నవాళ్లం, భాగవతంలో శిథిలమైన భాగాలను పూరించిన వాళ్ల పేర్లు ఎన్నిసార్లు తలిచాం? అయిదో స్కంధం బొప్పరాజు గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. వాళ్ల పద్యాలు కూడా తలా ఒకటి చదవండి.

5. పట్టించుకునే మనిషి ఒక్కరున్నా సమాధి నిలుస్తుంది.

త్యాగయ్య 1847లో తిరువైయారులో సిద్ధి పొందాడు. కాలక్రమంలో ఆ సమాధి పాడుబడింది. బెంగళూరు నాగరత్నమ్మ ఆ స్థలం సంపాదించి, తన సొమ్ముతో గుడి కట్టించింది. ఆమె దేవదాసి కులంలో పుట్టింది. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అచ్చువేయించి నిషేధం ఎదుర్కొన్నదీ ఆమే. తాను కట్టించిన చోట ఆడవాళ్లు పాడకూడదంటే ఊరుకోలేదు, ఆడవాళ్లను కూడగట్టి వేరుగా పాడించింది. చివరికి అందరిదీ ఒకే ఆరాధన అయింది. ఇప్పుడు ఏటా పుష్య బహుళ పంచమినాడు, తమిళనాట, కావేరి ఒడ్డున, విద్వాంసులంతా కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు. అయిదింటిలో నాలుగు తెలుగువి, ఒకటి సంస్కృతం. మన కవుల సమాధుల దగ్గర మనకు అంతమంది కూడరు. ఈ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. నాగరత్నమ్మ 1952లో పోయింది. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది.

6. కవిని బట్టి గొంతు మార్చుకోవాలి.

గద్దర్ 2023 ఆగస్టు 6న పోయాడు. అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయంలోనే పూడ్చారు. అక్కడికి పోయి కాగితం చూసి చదువుతారా? డప్పు పట్టుకుపోవాలి, గజ్జె కట్టిన కాలు వెంట ఉండాలి.

7. సమాధి లేని కవికి వేరే చోటు వెతకాలి.

కాళోజీ 2002 నవంబరు 13న కన్నుమూశాడు. దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మొక్కడానికి రాయి కూడా మిగల్చని మనిషి. ఆయన కవితను ఆయన పెరిగిన మడికొండలో చదవవచ్చు, ఏ బస్టాండులోనైనా చదవవచ్చు. సెప్టెంబరు 9, ఆయన పుట్టిన రోజు, తెలంగాణ భాషా దినోత్సవం ఎటూ ఉంది. దాశరథికి చిన్నగూడూరు ఉంది, మహబూబాబాద్ జిల్లాలో. 1925 జూలై 22న పుట్టిన ఊరు అది. అక్కడికి పిల్లలను తీసుకుపోవాలని చాలా ఏండ్లు అనుకున్నాను, తీసుకుపోలేకపోయాను. అది మీరు చేయండి.

బమ్మెరకు పోయేటప్పుడు దండలకు పెట్టే పైసలతో పద్యాలు పెద్ద అక్షరాల్లో అచ్చువేయించండి. కొన్ని కాగితాలు ఆ ఊరి బడిలో ఇచ్చిరండి. మీలో ఎవరైనా మోటార్‌సైకిల్ మీద పోతుంటే తరిగొప్పులలో ఆగి నన్ను ఎక్కించుకోండి, వెనక కూర్చుని వస్తాను.