మీట నొక్కగానే పని: గోదావరి హెచ్చరికల ప్రోగ్రాం

సి భాషలో మనం మొదట నేర్చుకున్నది స్కాన్‌ఎఫ్. ఎంటర్ కొట్టేదాకా ప్రోగ్రాం దాని దగ్గరే ఆగిపోతుంది. లెక్కలకైతే ఫర్వాలేదు. కానీ గోదావరి నీటిమట్టం చూపే ప్రోగ్రాం అలా ఆగితే ఎలా? వరద మన ఎంటర్ కోసం ఆగదు గదా! 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు చేరింది. హెచ్చరిక ఒక్క పూట ముందు తెలిసినా ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళు బియ్యం, మేకలు, పిల్లలతో గుట్ట ఎక్కగలరు. అందుకే ఈ ఉదాహరణ తీసుకున్నాను.

టర్బో సి లోని కోనియో ఫైలులో రెండు ఫంక్షన్లున్నాయి.

కేబీహిట్: గుమ్మంలో ఎవరైనా వచ్చారా అని తొంగిచూడటం. ఎవరూ లేకపోతే 0 ఇచ్చి ఊరుకుంటుంది. ప్రోగ్రాం ఆగదు.

గెట్చ్: వచ్చినవాణ్ణి లోపలికి పిలవడం. నొక్కిన మీట సంఖ్యను ఇస్తుంది. ఎంటర్ అక్కర్లేదు, అక్షరం తెరమీద పడదు. ఎవరూ రాకుండా పిలిస్తే మాత్రం వచ్చేదాకా నిలబడుతుంది.

కాబట్టి ముందు చూడాలి, ఉంటేనే పిలవాలి. చూసి పిలవకపోతే ఆ మీట గుమ్మంలోనే ఉండిపోతుంది. కేబీహిట్ ప్రతిసారీ "ఉన్నారు" అనే చెబుతుంది.

ఇప్పుడు ప్రోగ్రాం వరస:

1. మట్టం 10 అడుగులు అనుకోండి.
2. వైల్ లూపులో మట్టాన్ని తెరమీద చూపాలి.
3. కేబీహిట్ 0 కాకపోతే గెట్చ్ పిలవాలి.
4. 27 వస్తే అది ఎస్కేప్ మీట. లూపు ముగించాలి.
5. 0 వస్తే బాణం మీటలాంటిది. గెట్చ్‌ని ఇంకోసారి పిలవాలి. 72 అయితే పై బాణం, 0.25 కలపాలి. 80 అయితే కింది బాణం, 0.25 తీసేయాలి.
6. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75, రెండోది 13.75, మూడోది 17.75 అడుగులకు ఇస్తారు. ఆ మాటను తెరమీద వేయాలి.

ఆరో మెట్టులో ఒక కిటుకుంది. ఇఫ్, ఎల్స్ ఇఫ్ రాసేటప్పుడు 17.75ను ముందు పరీక్షించాలి. 11.75ను ముందు పెడితే 18 అడుగులొచ్చినా అది నిజమే అవుతుంది. అప్పుడు ప్రోగ్రాం మొదటి హెచ్చరికే చెప్పి ఊరుకుంటుంది. అసలైన వరదలో ఆ తప్పు ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పాలా!

పై బాణం 7 సార్లు నొక్కితే మొదటి హెచ్చరిక వస్తుంది. మరి మూడోది రావాలంటే మొత్తం ఎన్నిసార్లు నొక్కాలి? లెక్కకట్టి, ల్యాబులో నొక్కి సరిచూసుకోండి.