బోర్డు ముందా, కోడు ముందా?

చెన్నైలో పట్టరవాక్కం స్టేషన్‌లో దిగి అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోకి నడిస్తే, ఒక ఎలక్ట్రానిక్ డబ్బా తయారీకి కావలసిన చేతిపనులు చాలావరకు ఆ వీధుల్లోనే దొరుకుతాయి. రేకు వంచేవాళ్ళు, పౌడర్ కోటింగ్ చేసేవాళ్ళు, ప్లాస్టిక్ మౌల్డింగ్ వాళ్ళు అక్కడే ఉంటారు. 1964 నాటి ఎస్టేట్ అది. అన్నీ ఇంత దగ్గరగా దొరకడంలో ఒక చిక్కు కూడా ఉంది. ముందు బోర్డు చేయించేద్దాం, కోడు సంగతి తర్వాత చూద్దాం అనిపిస్తుంది. బోర్డు వచ్చాక ఓ కుర్రాణ్ణి పిలిచి "ఇక ప్రోగ్రాం రాసెయ్" అంటారు. అప్పటికి పొరపాట్లన్నీ రాగిలో అచ్చై కూర్చుంటాయి.

హార్డ్‌వేర్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ కలిపి డిజైన్ చేయడమంటే, ఏ పని బోర్డుది, ఏ పని కోడుది అన్నది ఆర్డరు ఇవ్వకముందే తేల్చుకోవడం. నేర్చుకోవడానికి మన పల్లెల్లో అందరికీ తెలిసిన వస్తువునే తీసుకుందాం: ఫోనుతో ఆన్, ఆఫ్ చేసే 5 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటారు స్టార్టరు.

1. పనుల చిట్టా రాయండి

డబ్బా చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి పనికీ ఎదురుగా రెండు ప్రశ్నలు: ఎంత త్వరగా జరగాలి? జరక్కపోతే ఏం నష్టం? షార్ట్ సర్క్యూట్ అయితే మిల్లీసెకన్లలో తెగాలి. ఒక ఫేజు పోతే కొద్ది సెకన్లలో ఆపాలి, లేకుంటే వైండింగు కాలుతుంది. బోరులో నీళ్ళు అందకపోతే మరికాస్త ఆగినా ఫరవాలేదు. ఫోను నుంచి వచ్చిన ఆజ్ఞ పది సెకన్లు ఆలస్యమైతే రైతు విసుక్కుంటాడు, అంతే.

2. పంచండి

త్వరగా జరగాల్సినవి, ప్రాణానికీ మోటారుకూ ముప్పు తెచ్చేవి హార్డ్‌వేర్‌కు ఇవ్వండి. ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే పాత స్టార్టరులో ఉన్నట్టే ఉండాలి. "అవన్నీ కోడులో చేసేస్తాం, ఖర్చు తగ్గుతుంది" అనేవాళ్ళకు థెరాక్-25 కథ చెప్పండి. 1985–87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు మితిమీరిన డోసు ఇచ్చింది. పాత మోడల్లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి కాపలా అంతా కోడుకే వదిలేయడం అందుకు ఒక ముఖ్య కారణం.

రిలేను ప్రాసెసర్ పిన్నుతో నేరుగా నడపొద్దు. కోడు ఎక్కడైనా ఇరుక్కుంటే పిన్ను ఆన్‌లోనే ఉండిపోవచ్చు. పల్సులు ఆగకుండా వస్తుంటేనే రిలే పట్టుకుని ఉండేలా మధ్యలో కెపాసిటర్, డయోడ్ల చిన్న సర్క్యూటు పెట్టండి. అయితే ఆ పల్సులను చిప్పులోని పీడబ్ల్యూఎం టైమరుకు అప్పగించారో, చేసిందంతా వృథా. కోడు చచ్చిపోయినా టైమరు పల్సులు కొడుతూనే ఉంటుంది. ఇలాంటి మాట సర్క్యూట్ బొమ్మలో ఎక్కడా కనిపించదు. బోర్డు గీసేవాడూ కోడు రాసేవాడూ కూర్చుని మాట్లాడుకుంటేనే బయటపడుతుంది.

3. లెక్క కట్టండి

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు. సైకిల్‌కు 64 శాంపిళ్ళు చొప్పున మూడు వోల్టేజీలు, మూడు కరెంట్లు కొలిస్తే సెకనుకు 19,200 శాంపిళ్ళు. 48 మెగాహెర్ట్జ్ చిన్న ప్రాసెసర్‌కు ఒక్కో శాంపిల్ మీద 2,500 క్లాకులు మిగులుతాయి. వర్గం చేసి కూడడానికి ఇది బోలెడు, కాబట్టి విడిగా మీటరింగ్ చిప్పు కొనక్కర్లేదు. కానీ మోడెమ్ జవాబు కోసం కోడు ఎదురుచూస్తూ కూర్చుంటే శాంపిళ్ళు పోతాయి. అందుకని శాంపిళ్ళను మెమరీలోకి చేర్చే పని చిప్పులోని డీఎంఏకు ఇచ్చి, ప్రాసెసర్ సైకిల్‌కు ఒకసారి వచ్చి లెక్క చూసుకునేలా పెట్టండి.

4. బోర్డు రాకముందే కోడు నడపండి

మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీట్‌లో అదే జాతి ప్రాసెసర్ ఉన్న డెవలప్‌మెంట్ బోర్డు కొనండి. నిజం మోటారు స్టార్టయ్యేటప్పుడు కరెంటు మామూలుకు ఆరు రెట్ల దాకా ఎగురుతుంది. ఆ అలను ఒకసారి రికార్డు చేసి కోడుకు మళ్ళీమళ్ళీ తినిపించండి. ఓవర్‌లోడని పొరబడి ఆపేస్తే ఇక్కడే తెలిసిపోతుంది.

5. ఇప్పుడు బోర్డు గీయండి

2జీ మోడెమ్ సిగ్నల్ పంపేటప్పుడు 4.6 మిల్లీసెకన్లకోసారి సుమారు 2 యాంపియర్లు గుంజుతుంది. సప్లై కుంగితే కొలతలు చెడతాయి. మోడెమ్ పక్కనే పెద్ద కెపాసిటర్ పెట్టండి. మోటారు ఆపాలన్న నిర్ణయం ఒక్క సైకిల్ చూసి తీసుకోవద్దని కోడులో రాయండి. రెండూ చేయాలి.

కరెంటు పోయే క్షణంలో మోటారు నడిచిన గంటలు ఫ్లాష్ మెమరీలో దాచుకోవాలి. పేజీ చెరిపి రాయడానికి పదుల మిల్లీసెకన్లు పట్టొచ్చు. అంతసేపు ప్రాసెసర్‌ను బతికించే కెపాసిటర్ ఎంతదో బోర్డు గీసేవాడికి కోడు రాసేవాడే చెప్పాలి.

6. డబ్బా బయట ఏముందో చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోతూ, తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. రాత్రీపగలూ మోటార్లు వాటంతటవే నడిస్తే భూగర్భజలం ఏం కావాలి? అసలు మీ డబ్బాలో ఆటో మోడ్ ఉండాలా అన్నది మొదటి చిట్టాలోనే తేలాల్సిన సంగతి.

ఉంచితే ఇంకో చిక్కు. కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మందు సులువే: ఒక్కో డబ్బా కొంత అడ్డదిడ్డమైన ఆలస్యంతో లేవాలి. కానీ రాండమ్ సంఖ్య ఇచ్చే ఫంక్షన్‌కు అన్ని బోర్డుల్లో ఒకే మొదటి విలువ ఇస్తే, అన్నీ ఒకే "రాండమ్" సంఖ్య చెబుతాయి, మళ్ళీ కలిసే లేస్తాయి. చిప్పులో ఫ్యాక్టరీవాళ్ళు రాసిన విడి నంబరు ఉంటే అది వాడండి. ఆ నంబరు లేని చౌక చిప్పు ఎంచుకుని ఉంటే, ఆ మిగులు ఇక్కడ ఖర్చయినట్టే.

7. మెల్లగా లేపండి, గట్టిగా కొట్టండి

మొదటి బోర్డుకు మెయిన్స్ ఇవ్వకండి. కరెంటు పరిమితి పెట్టిన బెంచ్ సప్లైతో 3.3 వోల్టులు వచ్చాయా, ఎల్ఈడీ వెలిగిందా, సీరియల్ పోర్టు మాట్లాడిందా, వరసగా చూసుకోండి. తర్వాత తరమణిలోని సమీర్ లాంటి ల్యాబులో ఐఈసీ 61000-4-4, 61000-4-5 ప్రకారం బర్స్టులు, సర్జ్‌లు కొట్టించండి. అక్కడికి మామూలు కోడుతో వెళ్ళొద్దు. ఎన్నిసార్లు రీసెట్ అయింది, ఏ కొలత చెదిరింది అని రాసిపెట్టే టెస్ట్ కోడు తీసుకెళ్ళండి. డబ్బా కాలకుండా బయటపడినా, లోపల మూడుసార్లు రీసెట్ అయితే అది పాసు కాదు.

ఇక రెండో విడత బోర్డులో మార్పులు తప్పవు. ఏ విడతదో కోడు తనే చదువుకునేలా ఒక ఏడీసీ పిన్నుకు రెండు రెసిస్టర్లు కట్టండి. అప్‌డేట్ ఫోను నెట్‌వర్క్ మీదుగా పొలానికి వెళ్ళినప్పుడు, తనకు తెలియని బోర్డు మీద పడిన కోడు మోటారు జోలికి పోకుండా ఆగి, ఆఫీసుకు మెసేజ్ పెట్టాలి.