పాఠం: ఇంజన్‌లో ఏ క్యామ్‌షాఫ్ట్ ఉంది?

పిల్లలూ! ఖతార్‌లో మొదటి ఫార్ములా వన్ పందెం 2021లో లుసైల్ సర్క్యూట్‌లో జరిగింది. పందెం కారు అయినా, మీ నాన్నగారి కారు అయినా పెట్రోలు ఇంజన్‌కి గాలి కావాలి. ఆ గాలి ఎప్పుడు, ఎంత లోపలికి రావాలో చెప్పేది క్యామ్‌షాఫ్ట్. ఇవాళ దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుందాం.

కొత్త మాటలు
కవాటం: వాల్వ్. ఈ మాటకి అసలు అర్థం తలుపు. మన గుండెలో కూడా నాలుగు కవాటాలు ఉన్నాయి.
ముషలకం: పిస్టన్. ముషలం అంటే రోకలి. రోకలిలాగే ఇదీ పైకీ కిందకీ ఆడుతుంది.

ఎలా పని చేస్తుంది?
క్యామ్‌షాఫ్ట్ ఒక పొడవాటి కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులు ఉంటాయి. కడ్డీ తిరిగినప్పుడు ఉబ్బు కవాటాన్ని నెట్టి తెరుస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే ఇది ఒక్కసారే తిరుగుతుంది. ఉబ్బు ఎత్తుగా ఉంటే తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది. వెడల్పుగా ఉంటే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. స్పోర్ట్స్ క్యామ్ అంటే సాధారణంగా ఇదే అన్నమాట.

ఎలా గుర్తుపట్టాలి?
1. నంబరు చూడాలి. చాలా క్యామ్‌షాఫ్ట్‌ల మీద నంబరు చెక్కి ఉంటుంది. పాత పోర్షే 911లో ఇంజన్‌కి రెండు వైపులా ఒక్కొక్క క్యామ్‌షాఫ్ట్ ఉంటుంది. ఎడమది కుడివైపు పనికిరాదు, అందుకే నంబర్లు కూడా వేరు.
2. కొలవాలి. నంబరు ఒక్కటే చాలదు. ఎవరైనా ఉబ్బుని మళ్ళీ సానపట్టి ఆకారం మార్చి ఉండొచ్చు, నంబరు మాత్రం పాతదే ఉంటుంది! అందుకని మెకానిక్ వాల్వ్ కవర్ తీసి, డయల్ గేజ్ పెట్టి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పుతాడు. కవాటం ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో ముల్లు చూపిస్తుంది.
3. పోల్చాలి. ఆ కొలతని కంపెనీ పుస్తకంలోని కొలతతో సరిచూడాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు?
ఏ క్యామ్‌షాఫ్ట్ ఉందో తెలియకుండా టైమింగ్ పెడితే, కవాటం మూసుకోకముందే ముషలకం పైకి రావచ్చు. రెండూ గుద్దుకుంటే కవాటం వంగిపోతుంది, ఇంజన్ పాడవుతుంది. పాత కారు కొనేవాళ్ళు "స్పోర్ట్స్ క్యామ్ వేశాం" అన్న మాట నమ్మి డబ్బు ఇచ్చేముందు కొలిపించుకోవడం మంచిది.

అభ్యాసం
1. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతోంది. క్యామ్‌షాఫ్ట్ సెకనుకి ఎన్నిసార్లు తిరుగుతుంది? (జవాబు: 50)
2. ఉబ్బు కొన నుంచి అవతలి అంచు దాకా 42 మిల్లీమీటర్లు, గుండ్రటి భాగం వ్యాసం 34 మిల్లీమీటర్లు. ఉబ్బు ఎత్తు ఎంత? (జవాబు: 8 మిల్లీమీటర్లు)
3. నంబరు ఒకటి చెబుతోంది, కొలత ఇంకొకటి చెబుతోంది. మీరు దేన్ని నమ్ముతారు? "ఎందుకంటే" అనే మాట వాడి రెండు వాక్యాలు రాయండి.
4. దోహాలో మీకు తెలిసిన తెలుగు మెకానిక్ ఎవరైనా ఉంటే ఇలా అడగండి: "బాబాయ్ గారూ, మీరు డయల్ గేజ్ ఎలా వాడతారో నాకు చూపిస్తారా?" ఆయన చెప్పింది ఇంట్లో అమ్మకి తెలుగులోనే చెప్పండి.